ఫ్రీజర్‌లో చోటు
(తొమ్మిదో భాగం)

పోయిన వారం పోస్టమ్మను ఆసుపత్రి మెట్ల మీద వదిలేశాం. ఇంకా అక్కడే కూర్చుందేమోనని కంగారుపడకండి. దిగింది. ఆడపడుచును వెంటబెట్టుకుని ఇంటి దారి పట్టింది.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఆవిడ ఉద్యోగమంతా ఉత్తరాలూ పార్శిళ్ళూ ఊళ్ళవారీగా అరల్లో సర్దడంతోనే గడిచింది కాబట్టి వీధంతా ఆవిణ్ణి పోస్టమ్మ అంటుంది. భర్త ఫ్రిజ్‌లు బాగుచేసే మేస్త్రి. మేస్త్రి అన్న పేరు తప్ప ఆయనకి ఇంకో పేరుందని ఎవరికీ గుర్తులేదు. ఈమధ్య ఆయనకీ గుర్తుండటం లేదు. మతిమరుపు అని మొదట్లో అందరూ నవ్వారు, తర్వాత డాక్టరు దానికి ఒక పెద్ద పేరు పెట్టాడు, అప్పట్నుంచి ఎవరూ నవ్వడం లేదు. పిల్లల్లేరు. పోస్టమ్మ కడుపులో గడ్డ ఉంది. ఎల్లుండి ఆసుపత్రిలో చేరాలి. చేరితే నెలా, నెలన్నరా అక్కడే.

మరి మేస్త్రి? అదే ఈ కథకి చిక్కుముడి. ఆయన్ని ఎవరైనా కనిపెట్టుకుని ఉండే హోమ్‌లో పెట్టమంటుంది ఆడపడుచు. యాభై దాటి మోకాళ్ళు పట్టేసినా ఈ ఇంట్లో ఆమె ఇంకా పాపే, మనమూ పాపనే అందాం. బట్టల షాపులో కౌంటర్ దగ్గర పొద్దస్తమానం నిలబడుతుంది. ఇంటికెళ్తే ఒకటే గది, అందులో మంచాన పడ్డ అత్తగారు. అన్నని తెచ్చి పెట్టుకోవడానికి ఆమెకి మనసుంది గానీ చాప పరిచే జాగా లేదు. "నేను వండిపెట్టి వెళ్తాను, మీ అన్నయ్య వేడి చేసుకుని తింటాడు, ఇల్లు కదలక్కర్లేదు. కావాలంటే వచ్చి నా ఫ్రీజర్ చూడు. చూశాక కూడా కుదరదంటే నీ మాటే వింటాను" అని పోస్టమ్మ పందెం వేసినట్టు అంది. ఆ చూడటానికే ఇద్దరూ బస్సెక్కారు.

బస్సులో పోస్టమ్మ గలగలా మాట్లాడుతూనే ఉంది. ఎందుకంటే మాట ఆపితే డాక్టరు చెప్పింది గుర్తొస్తుంది. "ఆపరేషన్ చేయించుకోకపోతే లాభం లేదమ్మా. చేయించుకున్నా మరీ ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు ఆయన, బల్ల మీది పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ. బయట బెంచీ మీద కూర్చున్న పాప ఏమన్నాడని అడిగితే, "అంతా మామూలేనట" అంది. అంత పెద్ద మాటని అంత చిన్నదిగా మడిచి లోపల పెట్టుకోవడం ఎన్నో ఏళ్ళు పార్శిళ్ళు కట్టిన మనిషికి కష్టం కాదు.

"మాది పాతకాలం ఫ్రిజ్ కదా పాపా, ఫ్రీజర్ అంటే పైన అగ్గిపెట్టంత అర. డబ్బాలు పెడితే నాలుగు పట్టవు. మొదటి రోజు పెట్టి, తలుపు పట్టక, డబ్బాలతో కుస్తీ పట్టి ఏడ్చినంత పని చేశాను."

"మరి?"

"డబ్బాలు మానేశా. కవర్లు తెచ్చా. కూర బాగా చల్లారనిచ్చి, కవర్లో పోసి, గాలంతా నొక్కేసి, పళ్ళెంలో పలచగా పడుకోబెట్టాలి. గట్టిపడ్డాక పలకలా అవుతుంది. అప్పుడు తీసి నిలబెట్టడమే, అరలో ఉత్తరాలు నిలబెట్టినట్టు. పప్పు నీళ్ళగా కాయలేదు, ముద్దగా ఉడికించా. నీళ్ళకి ఫ్రీజర్లో చోటు దేనికి చెప్పు? కుళాయి ఉండనే ఉంది. వేడిచేసేటప్పుడు ఓ గ్లాసు పోసుకుంటారు."

"అన్నయ్య పోస్తాడా?"

"కవరు మీద రాశానుగా. పెద్దక్షరాలతో. గ్లాసు బొమ్మ కూడా వేశా."

పాపకి నవ్వొచ్చింది. వదిన బొమ్మలు ఎలా వేస్తుందో ఆమెకి తెలుసు. గ్లాసు వేస్తే బకెట్టులా ఉంటుంది.

"బంగాళాదుంప మాత్రం దండగ," అని పోస్టమ్మ అందుకుంది. "గడ్డకట్టి కరిగాక నోట్లో పెడితే తడి సున్నంలా ఉంది. ఆ కూరంతా పారబోశా. క్యారెట్టు, బీన్సు, దుంపలు లేని కూరలు, పప్పులు, ఇవైతే బాగా నిలుస్తున్నాయి. నిన్న రాత్రికి ఇంక దూర్చడానికి సందు లేదు. రెండు కవర్లు మిగిలిపోతే కింది అరలో పెట్టా. మంచు కూడా గోడల్లా పేరుకుపోయింది, అది సగం చోటు తినేస్తోంది. పోనీలే, ఉన్నంతలో సర్దా."

"వేడి చేసుకోవడం వచ్చా అసలు?"

"వారం నుంచీ నేర్పుతున్నా. గ్యాసు జోలికి వెళ్ళనివ్వను. మైక్రోవేవ్‌లో పెట్టి ఒక్క బొత్తాం నొక్కడమే, దానికి ఎర్ర చుక్క అతికించా. మొన్న తనంతట తనే చేసుకుని తిన్నారు. తిని, ఈ హోటల్ వాడు ఉప్పు తక్కువేస్తాడన్నారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వడం ఆపాక పాప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చూసి ఒప్పుకోవాలనే ఆమెకీ ఉంది. ఉన్న ఒక్క అన్నని తన చేత్తో ఎక్కడో దించి రావాలని ఏ చెల్లెలికి ఉంటుంది?

మూడో అంతస్తు ఎక్కేసరికి పోస్టమ్మకి ఆయాసం వచ్చి గోడ పట్టుకుంది. తలుపు తీసే ఉంది. మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు, చొక్కా చేతులు పైకి మడిచి, భుజం మీద తుడుపుగుడ్డ వేసుకుని. మొహం వెలిగిపోతోంది.

"రా రా పోస్టూ, నీకో పని చేసిపెట్టా. పాపా, నువ్వూ రా. కళ్ళు మూసుకోండి ఇద్దరూ."

ఆయన అంత హుషారుగా కనిపించి ఎన్నాళ్ళయిందో. పోస్టమ్మ నిజంగానే కళ్ళు మూసుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడయింది.

"ఇప్పుడు చూడు."

ఫ్రీజర్ అద్దంలా మెరుస్తోంది. మంచు పొర లేదు, చుక్క నీళ్ళు లేవు, మూలల్లో మరక లేదు. లోపల ఒక గిన్నెలో వేడినీళ్ళు పెట్టి, మంచు దానంతటదే వదిలేదాకా ఓపికపట్టి, కత్తి తగలనివ్వకుండా మెత్తటి గుడ్డతో తుడిచిన పనితనం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరికీ ఆయన జీవితమంతా చెప్పిన పాఠం అది. కత్తితో గీకకండమ్మా, గొట్టానికి చిల్లు పడుతుంది, ఓపికపట్టండి, అదే వదులుతుంది.

అందులో గానీ, కింది అరలో గానీ ఒక్క కవరు కూడా లేదు.

"ఎంత చోటొచ్చిందో చూశావా?" అన్నాడు మేస్త్రి. "మంచు పట్టిన ఫ్రీజరు సగం ఫ్రీజరే. చోటు లేదు చోటు లేదని నువ్వు రోజూ సణుగుతున్నావు కదా, మేస్త్రి పెళ్ళానికి ఆ కష్టమేంటి అనుకున్నా. నువ్వటు వెళ్ళగానే మొదలెట్టా."

పోస్టమ్మ ఖాళీ అరలోకి చెయ్యి పెట్టి తడిమింది. పాపే అడిగింది, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి తంటాలు పడుతూ.

"బాగా చేశావన్నయ్యా. మరి ఇందులో సామానేదీ?"

"సామానా? బయట పెట్టాగా."

"బయటంటే?"

"వరండాలో. పనిచేసేటప్పుడు సామాను అడ్డం ఉండకూడదు. తీసి బయటపెడతాం, ఇంటావిడ చూసుకుంటుంది. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టుకుంటుందో ఏం చేస్తుందో, అది ఆవిడ ఇష్టం. మనం మెషినొకటే చూసుకోవాలి."

వెనక వరండాలో, బట్టలుతికే టబ్బులో, పొద్దుటి నుంచీ పడిన ఎండలో ఉన్నాయవి. పలకల్లా నిలబడ్డ కవర్లు ఇప్పుడు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. కొన్ని గాలి ఊదినట్టు ఉబ్బాయి. పోస్టమ్మ వంగి ఒకటి తీసి మూల విప్పింది. వాసన చూడక్కర్లేకపోయింది, అదే వచ్చింది. ఇంకోటి విప్పింది. ఇంకోటి. పైవి పోతే పోయాయి, కింద అడుగున ఉన్నవైనా చల్లగా ఉంటాయేమోనని మోచేతి దాకా టబ్బులో పెట్టి వెతికింది. అడుగున గోరువెచ్చటి నీళ్ళు తగిలాయి.

నిన్నటి దాకా నిలబడి వండిన తిండి అది. కడుపులో నొప్పి వస్తే స్టవ్ తగ్గించి, పీట మీద కూర్చుని, తగ్గాక మళ్ళీ లేచి కలిపిన తిండి. ఒంట్లో మిగిలిన ఓపికంతా అందులో పోసింది. ఇంకోసారి చేద్దామన్నా చెయ్యడానికి మిగిలింది రేపొక్కరోజు. అది కూడా నిలబడగలిగితే.

ఇక్కడ మన పోస్టమ్మ ఒక పని చేసింది. సరైందో కాదో నేను చెప్పను, మీరే తేల్చుకోండి. లేచి నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఆడపడుచు కళ్ళలోకి చూసి, "నేనే చెప్పా పాపా," అంది. "మంచు తీసి పెట్టమని పొద్దున్న నేనే చెప్పి వెళ్ళా. సామాను పక్కింట్లో పెట్టి వెళ్దామనుకుని హడావుడిలో మర్చిపోయా. తప్పు నాది. ఆయన చెప్పిన పని చేశారు, అంతే."

పాప నమ్మాలనుకుంది. ఇంకో క్షణం గడిస్తే నమ్మేది కూడా.

"నువ్వెప్పుడు చెప్పావు?" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో రోషం. "లేనిది ఎందుకు చెప్తావ్? నేనే అనుకున్నా, నేనే చేశా. నాకు ఒకళ్ళు చెప్పాలా, ఫ్రీజర్‌కి మంచు తియ్యాలని?"

"అబ్బ, మీరూరుకోండి."

"ఎందుకూరుకుంటా? పని నాది."

చేసిన పనికి పేరు వేరొకరికి పోతుంటే ఏ పనివాడు ఊరుకుంటాడు గనక. పోస్టమ్మ కుర్చీలో కూలబడింది. పాప అన్న భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది.

"అన్నయ్యా, మధ్యాహ్నం అన్నం తిన్నావా?"

ఆయన ఆలోచించాడు. "లేదనుకుంటా. ఇంట్లో ఏం లేదు కదా."

"పొద్దున్న?"

"పొద్దున్న పనిలో ఉన్నా."

"ఆకలేసిందా?"

"వేసింది," అన్నాడు చిన్నపిల్లాడిలా. "పోస్టు వస్తే పెడుతుందని చూస్తున్నా." ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

పాప ఇంక వదిన వైపు తిరగలేదు. తిరిగితే తనే ఏడ్చేస్తుందని తెలుసు. గోడ వైపు చూస్తూ అంది, "టబ్బు నిండా తిండి వరండాలో పెట్టుకుని, ఆకలితో కూర్చున్నాడు వదినా. కరెంటు పోయిందనుకో, పిల్లి తిన్నదనుకో, తిండి పోతే పోనీ, మళ్ళీ వండొచ్చు. కానీ అది తనకోసమే అని తెలియనివాడికి ఎంత వండిపెట్టి ఏం లాభం?"

వారం రోజులుగా పోస్టమ్మ చోటు గురించే ఆలోచించింది. మంచు అరలో ఎన్ని పడతాయి, ఏది నిలుస్తుంది, ఏది పాడవుతుంది. పక్కనున్న మనిషి బుర్రలో చోటు ఎంత మిగిలిందో మాత్రం చూడలేదు. చూసింది, ఒప్పుకోలేదు.

"నేను ఆసుపత్రికి వెళ్ళను," అంది చివరికి.

"వెళ్ళకపోతే?"

"ఉన్నన్నాళ్ళు ఉంటా. చేసిపెడతా."

"ఆ తర్వాత? నువ్వు పోయాక హోమ్‌కే కదా వెళ్ళేది? నువ్వూ పోయి, ఆయనా అక్కడికే పోయి, ఎవరికి ఒరిగింది? ఆపరేషన్ అయితే నువ్వు తిరిగొచ్చి ఆయన్ని తెచ్చుకుంటావు. ఒక్క నెల వదినా. ఒక్క నెల."

ఒక్క నెల కాదని, తిరిగిరావడమే అనుమానమని పోస్టమ్మ పాపకి చెప్పలేదు కదా. ఇప్పుడు చెబితే ఆపరేషన్ దండగని అందరూ అంటారు, ఉన్న కాస్త ఆశా పోతుంది. చెప్పకపోతే ఆయన్ని ఇవాళే పోగొట్టుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నీ మాటే వింటానన్నావు," అని పాప గుర్తుచేసింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"అన్నాను," అంది పోస్టమ్మ.

పాప వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది. హోమ్‌లో మంచం ఒకటే ఖాళీ ఉందట, రేపు పొద్దున్నకల్లా రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. బండి వాళ్ళే పంపుతారు. పాప సరేనంది. లోపలికొచ్చి అన్న పక్కన కూర్చుంది. ఆయనతో ఎలా చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్నట్టుంది, మాట తడుముకోలేదు.

"అన్నయ్యా, నీకో పిలుపొచ్చింది. మా షాపు దగ్గర పెద్ద వంటశాల ఉంది. వాళ్ళ ఫ్రీజర్ గది పాడైంది. ఎంతమంది చూసినా బాగవలేదట. మా అన్నయ్య అయితే చేస్తాడని చెప్పా. రేపు పొద్దున్నే బండి పంపిస్తున్నారు."

మేస్త్రి వీపు నిటారయింది. లేచి వెళ్ళి మంచం కింద నుంచి పనిముట్ల సంచి లాగాడు. దుమ్ము దులిపాడు. పానాలు ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఏది ఎక్కడ ఉండాలో ఆయన చేతులు ఒక్కటీ మర్చిపోలేదు. వంటింటి గడప మీద నిలబడి పోస్టమ్మ ఆ చేతులే చూస్తోంది. పెళ్ళయిన కొత్తలో అవి చూసే ఈ మనిషి మీద ఆవిడకి నమ్మకం కుదిరింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"పోస్టూ," అన్నాడు ఆయన తలెత్తకుండా. "పాపకి మెషిన్ల సంగతి తెలీదు. నువ్వు చెప్పు. ఏం పాడైందన్నారు?"

పాప వదిన వైపు చూసి రెండు చేతులూ జోడించింది.

"చల్లబడటం లేదట," అంది పోస్టమ్మ.

"మోటారు తిరుగుతోందా?"

"తిరుగుతోందట."

"తిరుగుతోంది, చల్లబడటం లేదు. అయితే గ్యాసు పోయుంటుంది. ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి. మూడు నాలుగు గంటల పని. సాయంత్రానికి వచ్చేస్తా."

పోస్టమ్మ తల తిప్పుకుంది.

"వచ్చేస్తాగా?"

ఊ అంటే సరిపోయేది. అంత చిన్న మాట కూడా ఆవిడ గొంతులోంచి రాలేదు. మేస్త్రి చేతిలోని పానా ఆగింది. ఆయన తలెత్తి భార్య మొహం చూశాడు, తర్వాత చెల్లెలి జోడించిన చేతులు చూశాడు, మళ్ళీ భార్యని చూశాడు. ఆ కాసేపు ఆయన కళ్ళు పాత మేస్త్రి కళ్ళే.

"అక్కడ మెషిన్ ఏదీ పాడవలేదు కదూ?"

పాప జోడించిన చేతులు దించుకుంది.

"ఈ పిలుపు నన్ను ఎక్కడో ఉంచడానికి," అన్నాడు. "సరే. అది నాకు అర్థమవుతుంది. నేనేం చేస్తున్నానో నాకే తెలియడం లేదు, ఎవరు మాత్రం ఎంతని కాస్తారు. కానీ పోస్టూ, నువ్వు నన్ను పంపించే మనిషివి కాదు. పంపిస్తున్నావంటే నీకు బాగాలేదు. ఎంత బాగాలేదు?"

పోస్టమ్మ వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. డాక్టరు అన్నది ఉన్నదున్నట్టు చెప్పింది. హోమ్ సంగతీ చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. వింటూ వింటూ పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకీ అది ఇప్పుడే తెలిసింది. మేస్త్రి మాత్రం చివరిదాకా తల ఊపుతూ విన్నాడు, ఎవరో మెషిన్ జబ్బు చెబుతుంటే విన్నట్టు.

"ఆశ తక్కువన్నాడు గానీ లేదనలేదుగా," అన్నాడు. "నువ్వు వెళ్ళు. చేయించుకో. నేను ఆ హోమ్‌కి వెళ్తా. రేపు బండి వచ్చేసరికి నేను మర్చిపోయి, వెళ్ళనని మొండికేస్తాను చూడు, అప్పుడు నా మాట వినకండి. ఇప్పుడు చెప్తున్నదే నా మాట. పాపా, నువ్వు సాక్షి."

ఆయన పోస్టమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. ఆవిడ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఏడ్చింది. పాప కిందికి వెళ్ళి ముగ్గురికీ తినడానికి ఏదో కొనుక్కొచ్చింది. మేస్త్రి ఆకలిగా, ఆవురావురుమని తిన్నాడు. వాళ్ళిద్దరికీ ముద్ద దిగలేదు.

తిన్నాక ఆయన చెయ్యి కడుక్కుని వచ్చాడు. గది మధ్యలో ఉన్న పనిముట్ల సంచి కాలికి తగిలింది. వంగి చూశాడు. మొహం మళ్ళీ వెలిగింది.

"ఇదేంటి, సంచి బయటికొచ్చింది? నాకేమన్నా పిలుపొచ్చిందా పోస్టూ?"